రెండు వైపులా

మిలిమని కోర్టు గేటుకి ఎదురుగా
మెట్ల కింద నా జిరాక్స్ కొట్టు.
పేజీకి మూడు షిల్లింగులు, రెండు వైపులా అయితే ఐదు.
నైరోబీలో న్యాయం ఎవరికి కావాలన్నా
ముందు నా గాజుపలక మీద
బోర్లా పడుకుని లేవాలి.

మంగళవారం పొద్దున్నే లాయరు కెముంటో వచ్చింది,
చంకలో నిద్రపోయిన బిడ్డలా కాగితాల కట్ట.
"ఆరు సెట్లు, ఒచోలా. పదింటికి పేషీ."
నేను చదవను.
చదివితే చెయ్యి ఆగుతుంది,
ఆగితే కాగితం ఇరుక్కుంటుంది.
అయినా పేజీ తిరగేసే ఆ కాస్త సేపట్లో
కన్ను దానంతటదే ఏరుతుంది
బియ్యంలో రాయి ఏరినట్టు.

నాలుగో పిటిషనరు: నబింటు. పుట్టిన ఊరు బుకావు. వృత్తి కుట్టుపని.
శరణార్థి కార్డు మీద ఫోటో,
నకలుకి నకలై, ముఖం స్థానంలో
రెండు కళ్ళూ ఒక మసీ మిగిలాయి.
అనుబంధం ఏడు: కుట్టుమిషను రసీదులు.
పద్దెనిమిది వాయిదాలు, పదకొండు కట్టింది.
పన్నెండోది కట్టే నెలలోనే
రేడియోలో ఉత్తర్వు:
శరణార్థులెవరూ పట్నంలో ఉండరాదు,
తొంభై రోజుల్లో ఉత్తరానికి, ఇసుకలోకి, ముళ్ళకంచె లోపలికి.
మిషను సంగతి ఉత్తర్వులో లేదు.

మధ్యాహ్నం సర్కారు ప్లీడరు గుమాస్తా.
అతనిదీ ఒక కట్టే.
"దేశ భద్రత", పేజీకి నాలుగుసార్లు.
నా యంత్రానికి తేడా తెలీదు.
అదే వేడి, అదే నల్లపొడి.
గాజు మీద ఒక సన్నని గీత ఉంది, ఏడాదిగా తుడుస్తున్నా పోదు.
కెముంటో కాగితాల మీద ఎక్కడ పడిందో
సర్కారు కాగితాల మీదా అక్కడే పడింది.

అబద్ధమెందుకు,
ఆ ఉత్తర్వు విన్న రోజు నేను తలూపాను.
మా తమ్ముడికి పని లేదు. మా సందులో దర్జీకొట్లు రెండూ వాళ్ళవే.
నా కూతురి స్కూలు యూనిఫారం కుట్టింది కూడా
వాళ్ళలో ఎవరో ఒకావిడ.
పిల్ల పొడుగవుతుందని
అంచులో నాలుగువేళ్ళ గుడ్డ దాచి కుట్టింది,
అడక్కుండానే.

వాయిదా.
జడ్జిగారికి జ్వరం, వాయిదా.
ఫైలు కనబడలేదు.
సర్కారుకి ఇంకా గడువు కావాలి.
ప్రతి వాయిదాకీ నాకు వంద పేజీల బేరం.
సిగ్గుపడాలో అక్కర్లేదో తేలక
చిల్లర లెక్కపెట్టుకున్నాను.

జకరండా పూలు రోడ్డంతా ఊదాగా రాలే రోజుల్లో
స్టే వచ్చింది.
గెలుపు కాదు. తుది తీర్పు దాకా
ఎవర్నీ కదపొద్దని.

సాయంత్రం ఆవిడే వచ్చింది.
ఆ రెండు కళ్ళే, ఈసారి చుట్టూ ముఖంతో.
కాంగో యాస స్వాహిలీలో అడిగింది:
"ఈ కాగితం పర్సులో పట్టేంత చిన్నది చెయ్యగలవా?"
"అంత తగ్గిస్తే అక్షరాలు కనబడవు."
"పోలీసు చదవడు. ముద్ర కనబడితే చాలు."

తగ్గించాను.
జడ్జిగారి వాక్యాలు చీమలబారయ్యాయి,
ఇంకా తగ్గిస్తే బూడిద.
ముద్ర మాత్రం గుండ్రంగా, బొత్తాంలా నిలిచింది.
వేడి ప్లాస్టిక్‌లో దాన్ని అతికి
అంచులు కత్తెరతో గుండ్రం చేస్తుంటే
"ఇటివ్వు" అని తనే చేసుకుంది. ఆ చేతివాటం వేరు.

డబ్బు వద్దన్నాను. వినలేదు.
నాణేలు గాజు మీద పెట్టి, "రసీదు" అంది.
పదకొండు రసీదులు తన తరఫున
కోర్టులో నిలబడ్డాయి కదా.
ఈ కొట్టు పెట్టాక ఇంత చిన్న మొత్తానికి
రసీదు రాయడం ఇదే మొదలు.
రాసి ఇచ్చాను.
చదువుకుని, తలెత్తింది:
"నా పేరు నేను చెప్పలేదే."

ఏం చెప్పను.
నాణేలు తీసి, గాజు తుడిచాను.
గీత అలాగే ఉంది.