నా దగ్గర బాగానే ఉంది

బ్రాడీపేట నాలుగో లైన్లో, జిరాక్సు షాపు పైన మా ఆఫీసు.
శుక్రవారం రాత్రి విడుదల.
రెండువందల పన్నెండు పరీక్షలూ
తెరమీద పచ్చగా నిలబడ్డాయి
నారుమడిలా.
సాల్మన్ రాజు అప్పటికే బజ్జీలు తెప్పించాడు,
పని అయిపోయినట్టే.

నాకెందుకో నమ్మకం కుదర్లేదు.
సరిగ్గా ఆరని కాయ
కళ్ళంలో ఎర్రగానే ఉంటుంది,
గోతంలోకి వెళ్ళాకే బూజు పడుతుంది.

ఫోనూ, అగ్గిపెట్టంత వేలిముద్ర యంత్రమూ
సంచిలో వేసుకుని
చిలకలూరిపేట రోడ్డెక్కాను.
మిర్చియార్డు గేటు దగ్గరే మొదటి తుమ్ము.

తొడిమలు తీసే షెడ్డు.
రేకుల కింద ఎర్రటి గుట్టలు,
గుట్టకి నలుగురు ఆడవాళ్ళు,
ముక్కులకి పాత చీర ముక్కలు.
"ఇక్కడ వేలు పెట్టు యలమందమ్మా,
హాజరు పడుద్ది, కూలి లెక్క తప్పదు."
పెట్టింది.
మళ్ళీ ప్రయత్నించండి, అంది ఫోను.
కొంగుకి తుడుచుకుని పెట్టింది.
మళ్ళీ ప్రయత్నించండి.
ఉమ్మితో తడిచేసి, ఎడమ చెయ్యి మార్చి,
నా సీసాలో నీళ్ళతో కడిగి,
పదకొండోసారికి తలెత్తి చూసింది:
"ఏందమ్మాయ్,
నేను నేను కాదంటదా ఇది?"

ఆ మాటని ఏ గడిలో రాయాలి?
తీవ్రత: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ.
నాకు మూడే గళ్ళు ఇచ్చారు.

సాల్మన్ రాజు తన బొటనవేలు పెట్టి చూశాడు.
టిక్కుమని తెరుచుకుంది.
"నా దగ్గర బాగానే ఉంది" అన్నాడు.
అబద్ధం కాదు.
వాడి వేలి మీద గీతలు
అప్పుడే దున్నిన చేనులా ఉన్నాయి.

శనివారం, ఆదివారం, సోమవారం
యలమందమ్మ పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాను.
గోటితో గిల్లకు, వేలితో తిప్పు, అని నేర్పింది.
తాలుకాయని ఎడమకి తోయమంది:
"ఒక్కటి కనపడితే చాలు,
కొనేవాడు బస్తా మొత్తం తాలంటాడు."
తొమ్మిదేళ్ళుగా నేను చేసే పనిని
ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

మొదటి రాత్రి
మర్చిపోయి కళ్ళు నులుముకున్నాను.
రెండోరాత్రి అన్నం చెంచాతో తిన్నాను.
మూడోరోజు పొద్దుగూకే వేళ
పొట్టు లేచిన బొటనవేలు యంత్రం మీద ఆనించాను.

మళ్ళీ ప్రయత్నించండి.

జీతం పెరిగినప్పుడు కూడా
ఇంత సంతోషపడలేదు నేను.

విడుదల ఆగింది.
షెడ్డు యజమాని ఫోన్లో అరిచాడు,
ఫోను చెవికి దూరంగా పెట్టుకుని విన్నాను.
సాల్మన్ రాజు నా వేలు వంక చూసి ఏమీ అనలేదు.
ఆ రాత్రి ఇంటికి వెళ్ళలేదు,
తెల్లారేసరికి వేలిముద్ర బదులు
నాలుగంకెలు పెట్టాడు.

గురువారం మళ్ళీ షెడ్డుకి.
"నీకొక్కదానికే తెలిసే నాలుగంకెలు అనుకో,
మనసులోనే."
యలమందమ్మ కాసేపు ఆలోచించింది.
ముక్కుగుడ్డ కిందికి లాగి
చివరి గుట్టదాకా వినపడేట్టు
"పంతొమ్మిదీ, నలభై రెండూ!" అంది.
"నాకూ అదే పెట్టించక్కా,
గుర్తుంటది" అంది వెనకనించి నాగుల్‌బీ.

నవ్వు ఆగేదాకా ఆగి
నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని
మండే వేళ్ళతో రాసుకున్నాను:
రెండువందల పద్నాలుగో పరీక్ష.