నాలుగు చుట్లు

"నువ్వు దేన్ని నమ్ముతావు పిన్నీ?" అన్నావు
చార్జి తీసుకోవడానికి వచ్చిన మొదటి పూటే,
ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి
లాకు గోడ మీద కూర్చుని.
నవ్వొచ్చింది నాకు.
ఇరవై ఏళ్ల లస్కరు పనిలో
గేటెత్తమన్నవాళ్లే గాని
ఈ మాట అడిగినవాళ్లు లేరు నెహెమ్యా.

ఆదివారం పాస్టరు గారికి చెప్పేది వేరు.
ఇక్కడైతే
గేజి రాతి మీది తెల్ల అంకెల్ని నమ్ముతాను.
వాటికీ నాచు పడుతుంది.
వారానికోసారి నడుం లోతు నీళ్లలో దిగి
కొబ్బరి పీచుతో తోముతాను.
ఇంజనీరు గారు ఫోనులో "ఎంతుంది?" అంటే
ఉన్నది చెబుతాను,
ఆయన వినాలనుకున్నది కాదు.

దాళ్వాకి వంతులు పెడతారు.
నాలుగు రోజులు పైవాళ్లకి, నాలుగు రోజులు శివారుకి.
కాగితం మీద ఎంత చక్కగా ఉంటుందో!
రాత్రి పన్నెండుకి కాగితం నిద్రపోతుంది,
చేపల చెరువులు మేలుకుంటాయి.
లైటార్పిన మోటారు సైకిలొకటి గట్టెక్కుతుంది.
"అమ్మా, నాలుగు చుట్లే" అంటాడు,
చేతిలో కవరు.

తిప్పాను.
ఎవరికీ చెప్పలేదు ఇది.
ఆయన పోయి, ఈ ఉద్యోగం నాకొచ్చి అప్పటికి ఏడాది.
పిల్ల కాలేజీ ఫీజుకి తెల్లారితే గడువు.
తిప్పాను.
చక్రం చప్పుడు చెయ్యకుండా
గ్రీజు కూడా రాశాను.

మూడో వారంలో
శివారు నుంచి కొల్లాటి నాంచారయ్య వచ్చాడు,
సైకిలు మీద ఇరవై మైళ్లు.
తిడతాడనుకున్నాను.
సంచిలోంచి ఓ వెన్ను తీసి
నా అరచేతిలో పెట్టి
"నలిపి చూడమ్మా" అన్నాడు.
నలిపాను.
తాలు.
"మడి నిండా ఉప్పు తేలింది.
పైనుంచే రావడం లేదేమోలే,
నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని
నన్నే ఓదార్చి
మంచినీళ్లడిగాడు.
చెంబు నా చేతిలో వణికింది.
ఆయన చూడలేదు.
చూసి ఊరుకున్నాడో.

అప్పటినుంచీ చక్రానికి గ్రీజు తగ్గించాను.
తిరిగితే అరవాలి అది,
రేవులో గిన్నెలు తోముకునేవాళ్లకి వినపడాలి.
చుట్లు పైకే లెక్కపెడతాను,
అర్ధరాత్రయినా, ఒక్కదాన్నే ఉన్నా,
ఒకటీ, రెండూ, మూడూ.
పిచ్చిదనుకుంటారు. అనుకోనీ.

భద్రిరాజు గారు అరటి గెల పంపితే
వద్దనను.
హాజరు పుస్తకం చివరి పేజీలో రాస్తాను,
ఎవరిచ్చారో, ఎన్ని పళ్లో, ఏ తారీకో.
రాశాక తింటాను. మంచి చక్రకేళి.

ఇంకోటి, మర్చిపోయేలోపు.
గోదారి పొంగిన నెలల్లో
గుర్రపుడెక్క వెనకాలే
అప్పుడప్పుడు ఎవరో ఒకరు కొట్టుకొచ్చి
షట్టరుకి తగులుకుంటారు.
ఏ ఊరు, ఎవరి తాలూకు,
మా స్టేషనా మీ స్టేషనా అని
వచ్చినవాళ్లు తేల్చుకునేలోపు
నువ్వు దుప్పటి వెతుకు.
నా పెట్టెలో ఒకటి ఉతికి ఉంచాను, నీలం గళ్లది.
అది పదకొండోది.

పిల్ల ఇప్పుడు తణుకులో టీచరు.
ఆ ఫీజు సంగతి తనకి తెలీదు.
చెప్పాలా వద్దా,
ఇది మాత్రం ఏ గేజి మీదా తేలలేదు నాకు.

పోయిన వేసవిలో
ఏటా కాస్త కాస్త దాచింది కొంగున కట్టుకుని
శివారుకి బస్సెక్కాను.
నాంచారయ్య లేడు.
కొడుకు వల బాగుచేసుకుంటున్నాడు.
డబ్బు చేతిలో పెడితే "దేనికమ్మా?" అన్నాడు.
"బాకీ" అన్నాను.
"మా నాన్న ఎవరికీ అప్పివ్వలేదే,
ఇవ్వడానికి ఏముంది ఆయన దగ్గర" అన్నాడు.
చాపల పులుసుతో అన్నం పెట్టాడు.
డబ్బు నా సంచిలోనే తిరిగొచ్చింది.

ఇదిగో తాళం.
ఇది రిజిస్టరు, ఇక్కడ సంతకం.
గ్రీజు డబ్బా అటక మీదుంది.
పొడుగ్గా ఉన్నావు,
నీకు అందుతుంది.