శివారు

ముప్పయ్యొక్కేళ్ళు లాకు చక్రం తిప్పి
రిటైరైన పదకొండోనాడు
చేతులకి తిప్పడానికేమీ దొరక్క
పెరట్లో కుళాయి తిప్పి నిలబడ్డాను.
"నీళ్ళు దండగ" అంది మా ఆవిడ.

ఆ వారమే వచ్చాడు బుల్లెబ్బాయి,
ఒకప్పుడు మా గట్టున బాతులు మేపినవాడు.
ఇప్పుడు టక్కు, బూట్లు,
జేబుకి బంగారు రంగు పిన్ను.
"ఉద్యోగం కాదు బాబాయ్, మీకిది రెండో పంట" అన్నాడు.
కాగితం మీద సున్నా చుట్టి
అందులో నా పేరు రాసి
కిందికి రెండు గీతలు లాగాడు.
గీతల చివర రెండు సున్నాలు,
వాటి కింద నాలుగు, ఎనిమిది, పదహారు,
చోటు చాలక కాగితం వెనక్కి తిప్పాడు.

నాకు నవ్వొచ్చింది.
పెద్దకాలువ, పిల్లకాలువ, పంటబోదె.
ఇది మా సెక్షనాఫీసు గోడకి
చెదలు పట్టి వేలాడిన పటమే కదా!
ఈసారి తల దగ్గర కూర్చునేది నేనట.

ఏడువేల ఆరొందలు.
అట్టపెట్టెలో కలబంద రసం, పళ్ళపొడి,
పన్నెండు సీసాల మోకాళ్ళ నూనె.

శనివారాలు అమలాపురంలో మీటింగు,
ముందురోజు పెళ్ళి తాలూకు మల్లెపూలు
ఇంకా కుర్చీల కింద నలుగుతూ ఉండేవి.
మైకు నా ముందు పెట్టి "మీ కల?" అన్నారు.
అందరూ కారన్నారు, మేడన్నారు.
"కాలవలు కట్టేసే ఏప్రిల్లో
ఒక్కరోజు నిండుగా నీళ్ళు" అన్నాను.
దానికీ చప్పట్లు కొట్టారు.

వంద పేర్లు రాయమంటే
నాకు తడుముకునే పని లేకపోయింది.
వంతు తప్పిన రాత్రి లాంతరు పట్టుకొచ్చి
నాలుగు వేళ్ళు తలుపెత్తమని బతిమాలినవాళ్ళు,
నారుమళ్ళ రోజుల్లో అరటిగెల తెచ్చినవాళ్ళు.
ఎవరూ కాదనలేదు.
ఎందుకు కాదనలేదో
అప్పుడు ఆలోచించలేదు.

నా కింద పీచు ఫ్యాక్టరీ నాగరత్నం,
ఆమె కింద ఆడపడుచు,
ఆడపడుచు కింద రాజోలులో జాకెట్లు కుట్టే వీరవేణి,
అక్కణ్ణించి మలికిపురం, ఇంకా దిగువకి
నాకు పేర్లు కూడా తెలియని సున్నాలు.
మొదటి చెక్కు వెయ్యిన్నూట నలభై.
మార్చుకునే ముందు జిరాక్సు తీయించాను.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం
మూడు బస్సులు మారి కేశనపల్లి నుంచి
నెత్తిన పెట్టెతో లోవకుమారి దిగింది.
సీలు తీయని పెట్టె.
చెవులకి వేపపుల్లలు.
మంచినీళ్ళు తాగి, చెంగుతో మూతి తుడుచుకుని
"ఇద్దర్ని చేర్చమంటారండి.
మా ఊళ్ళో మిగిలినోళ్ళు లేరండి.
నా కింద ఇంక సముద్రవేనండి" అంది.

"ఓపిక పట్టమ్మా, పైనుంచి వస్తుంది"
అనబోయి ఆగాను.
ఆ మాట బుల్లెబ్బాయి నేర్పింది కాదు.
ఏటా ఎండిన నారుకట్ట చేత్తో పట్టుకుని
శివారు రైతులు లాకు మెట్లెక్కినప్పుడు
ముప్పయ్యొక్కేళ్ళు నేనన్న మాటే అది.
పైనుంచి వదిలారు, వస్తుంది.
వాళ్ళు తలూపి వెళ్ళిపోయేవారు.
వాళ్ళ చేలల్లోకి ముందు ఉప్పే చేరేది.

పింఛను డబ్బులో ఆమె సొమ్ము ఆమెకిచ్చాను.
మా ఆవిడ ఏమీ అనకుండా
పెట్టెని మంచం కిందికి తోసింది.

మర్నాడే ఫోను:
"మీ ఎడంకాలు పడిపోయింది బాబాయ్,
వెంటనే ఏదోటి చెయ్యాలి."
ఉలిక్కిపడి కాలు కదిపి చూసుకున్నాను.
బాగానే ఉంది.
మా భాషలో కాలంటే మనుషులని
ఒక్క క్షణం మరిచాను.

సాయంత్రం మోకాళ్ళ నూనె సీసా తీసుకుని
లాకు దాకా నడిచాను.
పళ్ళచక్రం తుప్పు పట్టి కీచుమంటోంది.
సీసా మొత్తం వొంపాను.
మెత్తగా తిరిగింది.
కొత్త లస్కరు కుర్రాడు వాసన చూసి
"భలే ఉందండీ, ఎంత ఇది?" అన్నాడు.

కాలవ నిండుగానే పోతోంది, దిగువకి.

ధర నోటిదాకా వచ్చింది.