పన్నెండు రూపాయల నట్టు

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
ఫిషింగ్ హార్బర్లో బోట్లు ఒడ్డెక్కి
పొట్టలు గోకించుకుంటున్నాయి.
ఇంజన్ గదిలోంచి ఎల్లాజీ మేస్త్రి చెయ్యి చాపాడు,
పంతొమ్మిదో నంబరు స్పానర్ పెట్టాను.
"ఇది కాదే గుంటా, నట్టు."

మొదటిరోజే దాని లోపల చూడమన్నాడు.
కింద ఇనుప మరలు, పైన నీలం నైలాన్ వలయం.
వలయానికి మరల్లేవు,
కంత బోల్టు కన్నా వెంట్రుకవాసి చిన్నది.
బోల్టు తన దారి తానే ఒత్తుకుంటూ దూరాలి.
దూరినంతసేపూ నైలాన్ మళ్ళీ దగ్గరికి రావాలనే చూస్తుంది.
ఆ పంతమే పట్టు.

"మామూలు నట్టుకి బిగువొక్కటే బలం.
డీజిలింజన్ రాత్రంతా వణుకుద్ది,
వణుకు వణుక్కీ అది వెనక్కి నడుస్తాది.
ఇదైతే బిగువు సడలినా బోల్టుని ఒగ్గదు.
కానీ ఒక్కపాలే. విప్పింది మళ్ళీ ఎక్కించకు.
చేతికి సుళువుగా ఎక్కిందా, అనుమానించు."

పొగగొట్టం దగ్గర నైలాన్ పనికిరాదు,
ఆ వేడికి మైనంలా లొంగిపోతుంది.
అక్కడ మూతి నొక్కిన ఉత్త ఇనుప నట్టు,
గుండ్రం తప్పి కోడిగుడ్డయిన కంత.
కిరండూల్ నుంచి ఇనుపరాయి తెచ్చే వేగన్లకీ
నేవీ హెలికాప్టర్లకీ ఇలాంటివే ఉంటాయట.
నేను చూసింది బోట్లే.

జూన్ పధ్నాలుగు, మధ్యాహ్నం.
షాఫ్టు కప్లింగుకి ఆరు బోల్టులు,
డబ్బాలో కొత్త నట్లు ఐదు.
ఎండ. మేస్త్రి అన్నానికి వెళ్ళాడు.
పాత డబ్బాలోది ఒకటి తీసి కిరసనాయిల్తో తుడిచాను.
వేళ్ళతోనే చివరిదాకా పోయింది,
ఎంత మర్యాదగా పోయిందో!
స్పానర్ వేసి బిగించి
మిగతా ఐదింటికి లాగే పసుపు గీత గీశాను.
రంగుకేం తెలుసు.

సాయంత్రం పూర్ణా మార్కెట్లో కొత్తది కొన్నాను.
పన్నెండు రూపాయలు.
కొన్నానే గాని ఎవరికీ చెప్పలేదు.
రాత్రి జ్ఞానాపురంలో మా ఫ్యాను
కొక్కెం దగ్గర టకటకమంటోంది.
రోజూ అంటుంది. ఆ రాత్రే వినపడింది.

పదకొండింటికి తమ్ముడి సైకిలేసుకుని జెట్టీకి పోయాను.
ఐసు ఎక్కించేశారు, వలలు మడిచేశారు.
డ్రైవర్ సోములు టార్చి పట్టుకుని
"ఏటే, ఈ యేళప్పుడు?"
"ఒక నట్టు."
పాతది స్పానర్‌తో ఒక్క విసురు,
తర్వాత వేళ్ళకే ఊడొచ్చింది.
కొత్తది సగంలో మొరాయించింది.
ప్రతి చుట్టుకీ మణికట్టు గుంజింది.
అంత హాయైన నొప్పి నాకు అంతకు ముందు తెలీదు.

పన్నెండు కొట్టగానే హార్బరంతా ఒక్కసారి దగ్గింది.
దీపాలు డాల్ఫిన్స్ నోస్ దాటేదాకా నిలబడ్డాను.

పొద్దున్న పాత డబ్బాలో
ఒక నట్టుకి పచ్చి పసుపు గీత.
మేస్త్రి దాన్ని తిప్పి చూశాడు. నన్ను చూశాడు.
మళ్ళీ డబ్బాలో పడేసి
ఇంకో బోటు ఇంజన్ గదిలోకి దూరి
చెయ్యి చాపాడు.
ఏం కావాలో అడక్కుండా
నట్టు పెట్టాను. కొత్తది.