గుక్క లెక్క

జేజు దీవి తూర్పు ఒడ్డున
గుల్లలు తూచే కాటా నాది.
కాలు కుంటి, చెవులు మంచివి.
నలభై ఏళ్లుగా ఈ నల్లరాళ్ల మీద కూచుని
కిలోలు రాస్తాను. పక్కన
ఎవరూ అడగని ఇంకో లెక్క:
మునిగి తేలిన ప్రతి ఆడమనిషీ
బిగబట్టిన గాలి వదులుతూ వేసే ఈల.

ఒక్కొక్కరిది ఒక్కో ఈల.
బు మల్‌సున్‌ది పాత తలుపు కిర్రు,
కాంగ్ చెసిమ్‌ది పొయ్యి మీద కెటిల్.
పధ్నాలుగు తేలుబుర్రలు, పధ్నాలుగు ఈలలు.
ఒకటి తగ్గిందా, పెన్సిల్ పారేసి లేస్తాను.

ఏప్రిల్‌లో హ్యోన్ దాసోల్ తిరిగొచ్చింది,
పుసాన్ ఆసుపత్రిలో నెత్తురు మార్పించుకుని.
అందరిదీ రెండు నిమిషాల గుక్క,
ఆమెది పదకొండు.
మొదటిరోజే వలసంచి ఈడ్వలేక ఈడ్చుకొచ్చింది.
ముప్ఫై ఒక్క కిలోలు!
నా కాటా ముల్లు అంత దూరం నడిచి
చాలా ఏళ్లయింది.

రాత్రి సంఘం గదిలో మీటింగు. మినిట్స్ రాసేది నేనే.
"గాలి సిలిండర్లు వద్దని మన అమ్మలు ఒట్టేసుకున్నారు.
ఇది ఒంట్లో దాచిన సిలిండరు కాదూ?" అంది చెసిమ్.
"ఒంట్లో ఉంటే అది ఒళ్లేగా" అంది దాసోల్.
ఎవరో నవ్వారు.
"అయితే పొలం అమ్మి నా మనవరాలికీ చేయించాలి కాబోలు"
అని వెనకనుంచి ఒక గొంతు.
అది ఎవరిదో రాయలేదు.

మల్‌సున్‌కి ఎనభై ఒకటి. అందరూ అటు చూశారు.
జేబులోంచి తలనొప్పి బిళ్లల డబ్బా తీసి
బల్ల మీద గలగల్లాడించింది.
"రోజూ రెండు మింగకుండా నేను మునిగిందెప్పుడు?
రబ్బరు బట్టలొచ్చిన ఏడు
మా అమ్మ నాతో మాట్లాడలేదు,
చలి తెలియని ఆడది సముద్రానికి దొంగేనని.
నేను తొడుక్కున్నాను.
పుట్టిన ఒంటితోనే దిగమని
ఇప్పుడు ఏ నోటితో చెప్పను?"

తర్వాత, బిళ్లలు లోపల పెట్టుకుంటూ:
"కాకపోతే మాకు చాలనేది ఊపిరితిత్తులు.
కళ్లు ఎప్పుడూ చాలనలేదు.
నీకెవరు చెబుతారే, పిల్లా?"

దాసోల్ దానికి జవాబివ్వలేదు.
"మా అమ్మ చెవిగుల్ల కోసం ఇంకొక్క క్షణం ఆగింది.
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
ఈ నెత్తురే ఆమెకుంటే
ఆ క్షణం ఒక లెక్కా?"

గదంతా గుక్కపట్టింది.

ఆ గుల్ల నాకు తెలుసు.
మణికట్టుకి కట్టుకున్న ఇనప పట్టీని
ఒడ్డుకొచ్చాక కూడా వదల్లేదది.
ఆరువందల నలభై గ్రాములు.
అవును, తూచాను.
చేతులకి ఇంకో పని తోచక.

మినిట్స్‌లో రాశాను: నిర్ణయం వాయిదా.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం వేరే.
దాసోల్ ఈల వేయదు. ఆమెకి అవసరం లేదు.
పగిలిపోయే రొమ్ముతో రాదు పైకి,
మెట్లెక్కి వచ్చినట్టు వస్తుంది,
చుట్టూ చూసి మళ్లీ దిగిపోతుంది.
పదిహేను తేలుబుర్రలు, పధ్నాలుగు ఈలలు.
రోజంతా నా పెన్సిల్ కింద పడుతూనే ఉంటుంది.

తెల్లారి ఆమె కళ్లద్దాన్ని మాచిపత్రితో తోమిస్తూ
మల్‌సున్ అంది:
"ఎంతసేపైనా ఉండు. పైకొచ్చాక ఈల వెయ్యి.
ఆ కుంటాడు లెక్కపెట్టుకుంటాడు."

మధ్యాహ్నం గాలి మారింది.
దూరంగా నారింజరంగు బుర్ర పక్కన ఒక తల.
కాసేపు ఊరికే ఉంది. ఇటు చూసిందనుకుంటాను.
అప్పుడొక ఈల,
చిన్నపిల్ల మొదటిసారి మూతి సున్నా చుట్టి ఊదినట్టు
సగం గాలి, సగం తుంపర.

దొంగ ఈల.
పదిహేను అని రాశాను.