పాత వేలు

జనవరిలో పాత మిషన్ పనికిరాదన్నారు.
అద్దం బాగానే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది,
లోపల నమ్మకం అయిపోయిందట.
మూడు వేలు పెట్టి కొత్తది కొన్నాను
ఒక్క వేలు చదవడానికి.
గుంటూరులో, ఏటుకూరు రోడ్డు మలుపులో నా కొట్టు.
మనిషి ఆ మనిషేనని తేల్చడం నా వ్యాపారం.

మొదటి బేరం ఖాసింబీ.
కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే చేతులు,
పద్దెనిమిది సీజన్లు.
బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం.
కొంగుకు తుడిచి పెట్టింది. ఎర్రదీపం.
కొబ్బరినూనె రాసి, ఊది ఊది పెట్టింది.
గీతలన్నీ తేజా కాయలు తినేశాయి.
"వేలిముద్రదానివని మా ఆడబిడ్డ ఎగతాళి చేసేది,
ఇప్పుడదీ లేకపాయె"
అని నవ్వింది.

మార్చిలో దస్తావేజు లేఖరి జక్రయ్యగారికి
డిజిటల్ సంతకం వచ్చింది.
చిటికెన వేలంత డాంగిల్.
నలభై ఏళ్లుగా 'చేవ్రాలు' అని రాసి
పక్కన ఖాళీ వదిలిన మనిషి
దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు.
పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దంటే
మూడు రోజులు తనక్కూడా గుర్తుచేసుకోలేదు.
"రెండేళ్లకు మురిగిపోతుందంటయ్యా నా సంతకం.
నేనో?"

మేలో యార్డుకు సెలవులు.
తారు మెత్తబడ్డ మధ్యాహ్నం
ఒక కుర్రాడు ఆదాయ ధ్రువపత్రంతో వచ్చాడు.
సంతకం మీద పసుప్పచ్చ ప్రశ్నార్థకం.
కాలేజీలో తీసుకోలేదట.
అక్కడ నొక్కి, ఇక్కడ నొక్కి,
నమ్ముతున్నానని ఒప్పుకుని మళ్లీ తెరిస్తే
పచ్చటి టిక్కు.
కాగితం మారలేదు, తాసిల్దారు మారలేదు,
నా కంప్యూటర్ నమ్మడం నేర్చుకుంది, అంతే.
ఇరవై రూపాయలు తీసుకున్నాను.
తర్వాత ఎందుకో సిగ్గేసింది.

వానలు పడ్డాక ఖాసింబీ మళ్లీ వచ్చింది.
ఫోను చేతికిచ్చి చదవమంది.
మూడు విడతల్లో పదివేలు,
ఆమె ఎన్నడూ చూడని ఊళ్లో,
వేలిముద్ర పెట్టి తీశారు.
"ఎవరి వేలు?"
"నీదే."

ఎప్పుడో రెండు సెంట్ల స్థలం కొన్నప్పుడు
దస్తావేజు మీద నీలం సిరాతో వేసిన నిశానీ
స్కానై, ఎక్కడెక్కడో తిరిగి,
ఎవడి బల్ల మీదో రబ్బరై లేచింది.
రబ్బరుకి పచ్చదీపం.
నెత్తురున్నదానికి ఎర్రదీపం.
ఆ నిశానీ పక్కన 'ఎడమచేతి బొటనవేలు' అని
గుండ్రటి దస్తూరీతో రాసింది జక్రయ్యగారే.
సంగతి విన్నాక రెండు రోజులు
ఆయన బల్ల దగ్గరికి రాలేదు.

ఆ సాయంత్రమే ఆమె వేళ్లకు తాళం వేశాను.
తాళంచెవి ఆరు అంకెలు,
పది నిమిషాలు బతుకుతుంది.
తాళం తీసే పనే పడలేదు తర్వాత.

డిసెంబరుకు మొహం చాలన్నారు.
ఫోను ఎత్తి పట్టుకున్నాను.
'కళ్లు ఆర్పండి' అంది ఫోను.
బతికున్న మనిషో, ఫొటోనో దానికి తెలియాలట.
మిరప ఘాటుకు పద్దెనిమిదేళ్లు
ఆర్పుతూనే ఉన్న కళ్లు.
ఒక్కసారి చాలంటే నాలుగుసార్లు ఆర్పింది.
పచ్చదీపం.

వెళ్లబోతూ గడప దగ్గర ఆగింది.
దొంగ దొరికాడని స్టేషన్ నుంచి ఫోనొచ్చిందట.
డబ్బు సంగతి అడిగావా అన్నాను.
"డబ్బు సరేలే.
ఆ రబ్బరు వేలు వాళ్ల దగ్గరుందంటగా,
ఒక్కసారి చూపిస్తారేమో కనుక్కో బాబూ.
పెళ్లయిన కొత్తల్లోది.
గీతలెట్టా ఉండేయో మర్చిపోయా."

అర్జీ తెరిచాను.
ఏ వరసలో రాయాలో ఎంత వెతికినా దొరకలేదు.
చివరికి 'ఇతరములు' నొక్కాను.

రాత్రి షట్టర్ దించేముందు
మిషన్ అద్దం బొటనవేలితో తుడిచి,
మర్చిపోయి, కన్ను నలుపుకున్నాను.
ఇంకా మండుతోంది.