కొసరు

ఒకటి: గుడ్డు గియ్యి, కొంచెం పొడుగ్గా.
రెండు: నెత్తిన అంచులు చిరిగిన టోపీ.
మూడు: తొడిమె.
నాలుగు: పక్కన కాస్త తెల్లగా వదిలెయ్యి,
అదే మెరుపు.
అయిపోయింది వంకాయ.

పదకొండేళ్లుగా ఇదే చెబుతున్నాను
సైదాబాద్‌లో, షట్టర్ల దుకాణం పైన మా బడిలో.
నలభై మంది పిల్లలు, నలభై వంకాయలు,
అన్నీ ఒకే కాన్పులో పుట్టినట్టు.

ఓ గురువారం సాయంత్రం
తోటకూర మీద నీళ్లు చిలకరిస్తూ
బాలమణి అడిగింది:
"సారూ, గా కూరగాయల బొమ్మలు నాక్కూడ నేర్పుతవా?"

ఆమెకు అక్షరాలు రావు.
గల్లీ బాకీలన్నీ తలలోనే రాసుకునేది.
మొన్న విషజ్వరమొచ్చి లేచేసరికి
సగం గల్లీ చెరిగిపోయింది.
"బాకీ ఉన్నోళ్లకు గూడ జరమొచ్చినట్టుంది సారూ,
ఒక్కలకు యాదికి లేదంట."

పాత పెళ్లి కార్డుల వెనక మొదలుపెట్టాం.
కాంటాకి దారంతో కట్టిన పెన్ను,
బండి అంచే బల్ల.
టమాటా: సున్నా, మీద చుక్క.
ఒక్క ఊపులో వచ్చేసింది.
బెండకాయ: పొడుగు గీతలు రెండు, కింద కలిపెయ్యి.
కలపలేదు. కొన విరిచి వదిలేసింది.
"విరిచి చూడకుంట ఎవలు కొంటరు?"

వంకాయ నా నాలుగు మెట్లూ ఎక్కి
చివర్లో ఓ నల్ల చుక్క పెట్టించుకుంది.
"ఇదేంటి?"
"పురుగు బెజ్జం.
పొద్దుగాల నాలుగింటికి మాదన్నపేట మండీల
బెజ్జం లేని గంప నేనెన్నడు చూడలె."

ఆలుగడ్డకి మెట్లు లేవు, ఎలా గీసినా ఒప్పే అన్నాను.
పడీ పడీ నవ్వింది.
కాకరకాయ బుడిపెలు పెడుతూ పెడుతూ
మధ్యలో పెన్ను వదిలేసి
"ఇగ కాకరకాయ నగదుకే" అని తీర్మానం చేసింది.

మనుషులకీ గుర్తులు పెట్టుకుంది.
ఖుర్షీద్ బీకి గొడుగు,
రెండో అంతస్తు మేడంకి రెండు మెట్లు,
నాకు కళ్లజోడు.

"మరి కొత్తిమీర?"

గీశాను. వేపకొమ్మ అయింది.
ఇంకోటి గీశాను. చీపురు.
పిల్లలెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ గీయలేదు.
సిగ్గు కప్పుకోవడానికి అన్నాను,
"అది నువ్వు కొసరేగా వేస్తావు,
లెక్కలోకి రాదు, వదిలెయ్."
నా వైపు ఒకసారి చూసింది.
"అవ్ సారూ" అని
సంచిలో ఓ కట్ట పడేసింది.

తర్వాత ముసురు.
తొమ్మిది రోజులు గల్లీలో మోకాలి లోతు నీళ్లు,
బండి చప్పుడు లేదు.

పదో రోజు నా కాగితం తీసింది.
కళ్లజోడు.
దాని కింద మూడు టమాటాలు,
కొనలు విరిగిన బెండకాయలు,
బెజ్జం వంకాయ.
తిప్పితే వెనకవైపు,
వధూవరుల పేర్ల మీదుగా
కాగితమంతా పరుచుకుని కొత్తిమీర.
ఒక్కో ఆకూ చీలి, చీలిన చోట మళ్లీ చీలి,
వేళ్లకి మట్టి, మట్టిలో ఓ గులకరాయి,
నడుముకి అరటినార ముడి.

ఎలా వచ్చిందని అడిగాను.
"ఏమో సారూ. పట్ట కప్పుకొని బండి కింద కూసున్న.
వాన తగ్గకపాయె. చేతుల గదే ఉండె."

"దీనికెంత రాసుకున్నావు?"
"గది కొసరు."

నూట ముప్పై ఆరు బాకీ.
నూట నలభై ఇచ్చాను, చిల్లర లేదంది.
ఉండు అని పెన్ను అందుకుని
కళ్లజోడు పక్కన
నాలుగు పచ్చిమిరపకాయలు గీసింది.

ఇది తను నాకివ్వాల్సింది కాబట్టి
తొడిమెలు
అటు తిప్పి.